ముళ్ళు పీకించామన్న చేప

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. దోమ కుట్టినా గద్ద పొడిచిందంటాను. మొయినాబాద్‌లో మా ఇంటి ఉప్పునీళ్ళ తొట్టిలో మొసలంత లయన్‌ఫిష్ ఉండేదంటే, మీరు అరచేయంత అనుకోండి.

దాన్నిచ్చింది నా చిన్ననాటి స్నేహితుడు దేవదానం. అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్ చూసుకుంటాడు. యజమాని వదిలించుకోమన్నాడని తొట్టితో సహా తెచ్చాడు.

"దీనికి విషపు ముళ్ళుంటయట గదరా?" అన్నాను.

"డాక్టర్‌తోని పీకించినం. పిల్లి లెక్క నిమురుకో."

నమ్మాను. పోయిన ఆదివారం తొట్టి అద్దం తుడుస్తుంటే అది వేలికి పొడిచింది. నా కేకకు చేవెళ్ల రోడ్డు మీద బస్సులు ఆగిపోయాయి. చెయ్యి గుమ్మడికాయంత అయింది. మా ఆవిడ ఫోన్ చేస్తే దేవదానం ఉరికి వచ్చాడు.

"చెల్లె, బకెట్ల వేడినీళ్ళు పొయ్యి. ఓర్చుకునేంత వేడి చాలు. చెయ్యి అండ్ల ముంచితే గంటసేపట్ల నొప్పి దిగుతది. ఎన్కనే దవాఖానకు పోదాం."

మా ఆవిడ నీళ్ళు పోస్తూ ఆగింది. "అన్నా, గివన్నీ నీకెట్ల తెలుసు?"

అతను నా చెయ్యి పట్టి బకెట్లో ముంచాడు. రెండు నెలల కింద చేపను తెచ్చిన రోజు అతని వేలికి కట్టుండడం నాకు గుర్తొచ్చింది. బండి చెయిన్‌లో పడిందన్నాడు.

"నిన్ను గూడ పొడిచిందారా?"

"చెప్తే నువ్వు తీసుకుంటుంటివా? చంపుదామంటే మనసొప్పలే," అని తల దించుకున్నాడు. తర్వాత నా పక్కన కూర్చుని, తప్పయిందన్నాడు.

వాపు నాలుగు రోజుల్లో తగ్గింది. పెంచి చెప్పినవి మీరెలాగూ తగ్గించుకునే ఉంటారు. ఇందులో నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే, అతను తప్పయిందనడం. ఆ మాట ఇంతవరకూ అనలేదు.