ముందుగానే పెట్టిన కృతజ్ఞతా కూడిక

ముప్పై తొమ్మిదేళ్ల వయసులో నేను ఇంటర్న్‌నయ్యాను. ఈ మాట చెబితే జనం ముందు నవ్వుతారు, తర్వాత సర్దుకుని "మంచిదే కదా" అంటారు. అంతకు ముందు నాచారంలో మా ఇంటికి దగ్గర్లోని ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు కంప్యూటర్ చెప్పేదాన్ని. పెళ్లి, పిల్లలతో ఉద్యోగం ఆగిపోయిన ఆడవాళ్లకు మళ్లీ అవకాశం అంటూ పోచారంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తన ఇంటర్న్‌షిప్‌లో కొన్ని సీట్లు పెట్టింది. బాగా చేసినవాళ్లను ఆరు నెలల తర్వాత పర్మనెంట్ చేస్తామంది. స్కూలు మానేసి అందులో చేరాను. స్కూలువాళ్లు వారం తిరక్కుండా నా కుర్చీలో ఇంకొకామెను కూర్చోబెట్టారు. మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీని నాచారం నుంచి ఎక్కడికో దూరంగా తరలిస్తారనీ, అందరినీ తీసుకెళ్లరనీ అప్పటికే మాట నడుస్తోంది. కాబట్టి ఆ పర్మనెంట్ అనే మాట మీదే ఇల్లంతా కళ్లు పెట్టుకుని కూర్చుంది.

మా బ్యాచ్‌లో ఆ సీట్లలో వచ్చినవాళ్లం ఇద్దరమే, నా ఈడుది ఇంకొకావిడ ఉండేది. బిడ్డకు బాగాలేక నెలలోపే మానేసింది. మిగిలినవాళ్లంతా కాలేజీ నుంచి నేరుగా వచ్చిన పిల్లలు. మొదటి రోజు నేను గదిలోకి అడుగుపెట్టగానే ఒక పిల్ల గబుక్కున లేచి కుర్చీ ఇచ్చి "గుడ్ మార్నింగ్ మేడమ్" అంది. హెచ్ఆర్ అనుకుందట. నేను కూడా ఇంటర్న్‌నే అని చెప్పాక ఏం చేయాలో తెలియక, కుర్చీ మాత్రం వెనక్కి తీసుకోలేదు పాపం.

ఇంటర్న్ అంటే సలహాలు పుచ్చుకునే మనిషి అని అక్కడే తెలిసింది. మా టీమ్ లీడ్ మా చిన్న తమ్ముడి కన్నా చిన్నవాడు. నన్ను "అక్కా" అనేవాడు. మంచివాడే, ఆ సంగతి ఇప్పటికీ కాదనను. "అక్కా, అందరికీ కనబడాలి మీరు. పని చేస్తే సరిపోదు, చేసినట్టు కనబడాలి" అనేవాడు. ఆ ఫ్లోర్ మొత్తం మీద చీర కట్టుకున్నది నేనొక్కదాన్నే, ఇంకెట్లా కనబడాలో నాకు అర్థమయ్యేది కాదు. పెద్దవాళ్లతో కాఫీ తాగమనేవాడు. ఆ పెద్దవాళ్లు కాఫీకి లేచే వేళకు ఉప్పల్ వెళ్లే కంపెనీ బస్సు హారన్ కొట్టేది. మరో మేనేజర్ మీటింగుల్లో ముందు వరుసలో కూర్చోమంది. ఇంకొకాయన వయసు గురించి ఆలోచించొద్దంటూనే ప్రతి రెండు మాటలకూ నా వయసే గుర్తు చేశాడు. అందరి సలహాలూ విన్నాను, చేతనైనవన్నీ చేశాను. ఇంగ్లిష్‌లో మాట్లాడబోయే వాక్యాలను బస్సులో పెదవులు కదపకుండా వల్లె వేసుకునేదాన్ని.

ఇంకో వారం ఉందనగా ఇంటర్న్‌లందరినీ స్టేజీ ఎక్కించి ఒక ప్రశ్న అడిగారు: ఒక్కరోజు మీరే బాస్ అయితే ఏం మారుస్తారు? అది అక్కడి ఆనవాయితీ. పిల్లలు హుషారుగా చెప్పారు. ఒకడు శుక్రవారం సెలవన్నాడు, ఒకతె కుక్కపిల్లలను ఆఫీసుకు రానివ్వాలంది. నేను మైకు పట్టుకుని, మీటింగు అయ్యేదాకా బస్సును ఆపుతానన్నాను. పెద్దగా చప్పట్లు కొట్టారు. "వెరీ ప్రాక్టికల్ అక్కా" అన్నాడు టీమ్ లీడ్. ఆ రోజు ఇంటికి ఎంత సంతోషంగా వచ్చానో చెప్పలేను.

ఆ సంతోషం చూసే మా అత్తమ్మ తొందరపడింది. మా క్రైస్తవ కుటుంబాల్లో ఉద్యోగమొచ్చినా, ఇల్లు కట్టుకున్నా, దవాఖానా నుంచి మనిషి క్షేమంగా ఇంటికొచ్చినా కృతజ్ఞతా కూడిక పెడతారు. పాస్టరయ్య వస్తారు, పాటలు, బైబిలు వాక్యం, ప్రార్థన, ఆ తర్వాత భోజనం. మా అత్తమ్మది ఇంకో పద్ధతి. ఆమె పని జరగకముందే కూడిక పెట్టేస్తుంది. తన కంటి ఆపరేషన్‌కు ముందే పెట్టింది, చూపొచ్చింది. ఆడబిడ్డ కాన్పుకు ముందే పెట్టింది, తల్లీబిడ్డా బాగున్నారు. ఇంతవరకు ఒక్కటీ తప్పలేదు.

ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేళ్లను నలుగురి ముందు చెప్పుకునే సాక్ష్యాల వేళ ఆమె లేచి, నా కోడలికి పోచారంల కొలువు ఖాయమైందని అందరి ముందూ చెప్పేసింది. నేను కొంగు పట్టి లాగుతున్నా వినలేదు. బయటికొచ్చాక గొణిగాను.

"ఇంక రాలె గదా అత్తమ్మా."

"రాకముందు జెప్తేనే బిడ్డా విశ్వాసం. వచ్చినంక ఎవ్వలైన జెప్తరు."

కూడిక ఆ శుక్రవారం సాయంత్రానికి పెట్టుకున్నాం. అదే నా ఇంటర్న్‌షిప్‌కు ఆఖరి రోజు.

ఆ రోజు పొద్దున టీమ్ లీడ్ నా టేబుల్ దగ్గర ఆగి, నవ్వుతూ, "వీకెండ్ ఏం ప్లాన్ అక్కా?" అని అడిగాడు. ఇంట్లో ప్రార్థన ఉందని చెప్పాను. "సూపర్" అన్నాడు. సాయంత్రం బస్సు నారపల్లి దాటుతుండగా ముందు సీట్లలో పిల్లలు ఒక్కసారిగా కేకలు పెట్టారు. మెయిల్స్ వచ్చాయి. ఒకరినొకరు వాటేసుకుంటున్నారు. నాకు కూడా వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. నా నుంచి ఎంతో నేర్చుకున్నామన్నారు, ముందు ముందు అంతా శుభం జరగాలన్నారు. వద్దు అనే మాట ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. దొరికాక ఫోన్ బ్యాగులో పెట్టుకుని కిటికీ వైపు తిరిగాను. రోడ్డు పక్కన ప్లాట్ల బోర్డులు పోతూనే ఉన్నాయి. పక్క సీట్లో పిల్ల "ఆంటీ, మీక్కూడా వచ్చిందా?" అని అడిగింది. వచ్చిందన్నాను.

ఉప్పల్‌లో దిగేసరికి అత్తమ్మ ఫోన్. పుదీనా తక్కువైందట. మార్కెట్లో పుదీనా కొన్నాను, షేర్ ఆటో ఎక్కాను. ఏడవాలని ఉంది, కానీ ఆటోలో మోకాళ్లు మోకాళ్లకు తగులుతుంటే ఎట్లా ఏడుస్తారు? ఇంటి గుమ్మం ముందు చెప్పులు కుప్పగా ఉన్నాయి. లోపల చాపలు పరిచారు, చర్చి నుంచి కుర్చీలు తెచ్చారు. వంటింట్లో నలుగురైదుగురు ఆడవాళ్లు. అత్తమ్మ కొత్త చీర కట్టుకుని, చెమటలు కక్కుతూ బగారన్నం దగ్గర నిలబడి ఉంది. పుదీనా అందుకుని, "జెల్ది మొకం కడుక్కోని రా, నీ కోసమే సూస్తున్నరు" అంది. మా ఆయన సెకండ్ షిఫ్ట్‌లో ఉన్నాడు. నేను మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నాను. ఇంకేం చేయాలో నిజంగా తోచలేదు.

పాటలయ్యాయి, వాక్యం అయింది. పాస్టరయ్య నా వైపు తిరిగారు. "అమ్మా, మన యూత్ పిల్లలు గూడ వచ్చిన్రు. కొందరు ఇంటర్న్‌షిప్‌లకు పోతున్నరు. వాళ్లకు జర నాలుగు మాటలు చెప్పు" అన్నారు. లేచి నిలబడ్డాను. కనబడాలి, సిగ్గుపడొద్దు, ముందు వరుసలో కూర్చోవాలి అని ఆరు నెలలుగా మింగినవన్నీ వరసగా బయటికి వచ్చాయి. పిల్లలు తలలూపుతూ వింటున్నారు. వాళ్లను మోసం చేస్తున్నానని తెలుస్తూనే ఉంది, నోరు మాత్రం ఆగడం లేదు.

డిగ్రీ ఆఖరి సంవత్సరం చదివే ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "అక్కా, రేపు నువ్వు బాస్ అయితే ఏం మారుస్తవ్?"

స్టేజీ మీద చెప్పిన బస్సు మాట నాలుక దాకా వచ్చింది. కానీ అది బయటికి రాలేదు.

"నేనైతే ఒక్కటే మారుస్త. ఎవలకన్న లేదు అని చెప్పాల్సొస్తే ఎదురుంగ కూసోని, మొకం సూసి చెప్త. పొద్దుగాల నవ్వుకుంట మాట్లాడి, పొద్దూకినంక ఫోన్ల పంపియ్య."

"ఎవలకు పంపిన్రక్కా గట్ల?"

"నాకే. ఇయ్యాలనే. బస్సుల వస్తుంటే వచ్చింది."

వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తే ఎవరో పరిగెత్తి ఆపారు. పాస్టరయ్య మెల్లగా ప్రార్థన మొదలుపెట్టారు. ఒక ద్వారం మూసుకుంటే ఇంకొకటి తెరువు తండ్రీ అంటున్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. వంటింటి గడప దగ్గర అత్తమ్మ కూడా మూసుకోలేదు. నన్నే చూస్తోంది.

జనం తిన్నారు. తొందరగానే తిని, నా భుజం తట్టి వెళ్లారు. బగారన్నం సగానికి పైగా మిగిలిపోయింది. గిన్నెలు సర్దుతూ అత్తమ్మ అడిగింది.

"నీకెప్పుడెర్కైంది?"

"నారపల్లి కాడ, అత్తమ్మా."

"అంటే పుదీనా నా చేతుల పెట్టినప్పుడు ఎర్కే."

"ఎర్కే."

ఆమె మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. "కూడిక ఆపకపోదును బిడ్డా. దేవునికి గట్లనే స్తోత్రం చెప్పుదుము. ఒక్కసారి నన్ను పక్కకు పిలుస్తే అయిపోతుండె. నా మొకం సూసి నాకు జెప్పకపోతివి. నలుగుర్ల నిలబెట్టి జెప్తివి."

క్షమించమని అడగలేకపోయాను. ఆమె ఏడవలేదు, కోప్పడలేదు, కొత్త చీర చెంగు నడుముకు చెక్కుకుని చాపలు చుట్టడం మొదలుపెట్టింది.

ఫ్యాక్టరీ తరలిపోయింది. మా ఆయన ఇప్పుడు దొరికిన చోట దొరికిన పని చేస్తున్నాడు. నేను ఇంటర్వ్యూలకు తిరుగుతున్నాను. నా వయసు చూసి అందరూ మర్యాదగానే మాట్లాడతారు. అత్తమ్మ తర్వాత ఏ కూడికా ముందుగా పెట్టలేదు, ఆదివారం సాక్ష్యాల వేళ లేవడం మానేసింది. ఉద్యోగం రాకపోవడం కన్నా అదే నన్ను ఎక్కువ కుంగదీస్తోంది. నేను ఫైలు పట్టుకుని బయలుదేరితే తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపుతుంది. తిరిగొచ్చాక మంచినీళ్లు ఇస్తుంది. ఏమైందని మాత్రం అడగదు.