రామమోహన్ శెట్టి చెవీ, ఏ-ఫోర్ కాగితమూ

లోకంలో అందరూ కాగితాన్ని చూసి కొంటారు. కొందరు తడిమి కొంటారు. నంద్యాల గాంధీ చౌక్ దగ్గర కాగితాల కొట్టు పెట్టుకున్న రామమోహన్ శెట్టి మాత్రం కాగితాన్ని విని అమ్మేవాడు.

కట్టలోంచి ఒక ఠావు లాగి, మూలను రెండు వేళ్లతో పట్టుకుని, కుడిచెవి దగ్గర ఆడించేవాడు. ఆ సమయంలో కళ్లు మూసుకునేవాడు. కాగితం ఫటఫటమని పలికితే ముఖం విప్పారేది. "బాగా ఎండింది. లేజరుకు పోతాది" అని, లేజర్ ప్రింటరుకు సరిపోయే ఆ కట్టను కౌంటరు మీద పెట్టేవాడు. నానిన అప్పడంలా మెత్తగా ఊగిందో, "నెమ్ము" అని ఒకే ఒక్క మాట. ఆ మాటను ఆయన డాక్టరు బయటికొచ్చి బంధువులతో చెప్పినట్టు చెప్పేవాడు.

ఈ జబ్బు కాగితాలతో ఆగి ఉంటే భార్య అన్నపూర్ణ ఎలాగో సర్దుకుపోయేది. పెళ్లయిన కొత్తలోనే ఆయన విస్తరాకును చెవి దగ్గర ఆడించాడు. అప్పడాలను ఆడించాడు. గంజి పెట్టి ఆరేసిన ఆమె చీర కొంగును ఆడించి, "లేజరుకు పోతాది" అన్నాడు. అది మెచ్చుకోలని తెలుసుకోవడానికి ఆమెకు చాలా కాలం పట్టింది.

అన్నపూర్ణ తమ్ముడు వేణుమాధవ్ కూతురి పెళ్లికి పిలవడానికి వచ్చాడు. బొట్టు పెట్టి, శుభలేఖ చేతికిచ్చాడు. రామమోహన్ దాన్ని చదవలేదు. చెవి దగ్గరికి తీసుకుపోయాడు.

"ముహూర్తం బాగానే ఉంటాదిలే బామ్మర్దీ. కార్డే నెమ్ము పట్టింది."

వేణుమాధవ్ కాఫీ ముట్టకుండా లేచిపోయాడు. తీరా పెళ్లినాడు తాళి కట్టే వేళకు కుండపోతగా వాన కురిసి షామియానా కూలింది. "నేను చెప్పలే? కార్డు ముందే చెప్పింది" అని రామమోహన్ తడిసిన పెళ్లివారందరి మధ్యా తిరిగి చెప్పుకున్నాడు. బావాబామ్మర్దుల మధ్య మాటలు మళ్లీ కలవడానికి ఆ పెళ్లికూతురికి బిడ్డ పుట్టాల్సి వచ్చింది.

నంద్యాల జిల్లా కేంద్రం అయినప్పుడు బజారంతా సంబరపడింది. కొత్త ఆఫీసులు, కొత్త బేరాలు. రామమోహన్ ఒక్కడే దిగులుపడ్డాడు.

"ఇన్ని మిషన్లు దిగుతాండాయి అన్నపూర్ణా! వాటికి ఏం తినిపించల్నో వీళ్లకు ఎవరు చెప్తారు?"

"నువ్వు అమ్ము చాలు. చెప్పొద్దు."

ఆయన చెప్పకుండా అమ్మిన రోజు లేదు. ఒక ఆఫీసు గుమాస్తా రాజశేఖర్ మొదటిసారి కొట్టుకు వచ్చినప్పుడు అన్నపూర్ణ అక్కడే ఉంది.

"ఏ-ఫోర్ రెండు కట్టలియ్యి శెట్టీ."

"ఎందుకు?"

"ఎందుకేందీ? పకోడీలు కట్టేదానికా? ప్రింటుకు."

"లేజరా, సిరాదా?"

"లేజరు."

"రెండు పక్కలా కొడతారా?"

"మా సారు చెప్తే కొడతాం."

"మిషను యాడ పెట్టినారు?"

"కిటికీ కింద."

"కూలరో?"

"దాని పక్కనే."

రామమోహన్ కట్టలు తీసి మళ్లీ అరలో పెట్టేశాడు. "కూలరు జరిపినాంక రాప్పా. నీళ్లగాలిలోకి నా కాగితాన్ని పంపను."

"కూలరు జరిపితే మా సారుకు ఉక్క పోస్తాది!"

"మీ సారుకు తువ్వాలుండాది. కాగితానికి ఏముండాది?"

రాజశేఖర్ కోపంగా పక్క కొట్టుకు పోయాడు. మూడోనాడు తిరిగి వచ్చాడు. మిషను కాగితాలను నమిలి ముద్దలు కక్కుతోందట. కూలరు జరిపారట. రామమోహన్ గెలిచినట్టు నవ్వలేదు. కట్ట ఇచ్చి, బిడ్డను అత్తారింటికి పంపుతున్నట్టు అప్పగింతలు పెట్టాడు. "పై కాగితం అప్పుడే చించొద్దు. మీ గదిలో రెండు దినాలు పండుకోనీ. ఆ గాలికి అలవాటు పడల్ల. అట్ట మీద బాణం గుర్తు ఉంటాది, ఆ పక్క ముందు అచ్చు కొట్టు. వాడినాంక కడమది మూట కట్టిపెట్టు."

"ఇది కాగితమా, బాలింతా?" అన్నాడు రాజశేఖర్.

జబీనా వచ్చింది ఒక వేసవి మధ్యాహ్నం. ఆళ్లగడ్డ అమ్మాయి. మేనమామ సమీవుల్లా సైకిలు షాపులో ముందు భాగం అడిగి తీసుకుని, తల్లి గుల్జార్‌బీ గాజులు అమ్మిన డబ్బుతో పాత లేజర్ ప్రింటర్ ఒకటి కొని పెట్టుకుంది. అది మూడు కాగితాలు మింగితే ఒకటి కక్కుతోంది. మామ రంజాన్ దాకా గడువిచ్చాడు. అప్పటికీ మిషను సరిగా నడవకపోతే ఆ చోట కూల్‌డ్రింకుల ఫ్రిజ్జు పెడతానన్నాడు. జబీనా వచ్చింది అన్నింటికన్నా చవక కాగితం కోసం.

"చవకది దుమ్ము రాలుస్తాది పాపా, రోలరుకు పట్టుకుంటాది. అది సరే, అందులో ఇంకేమన్నా పెట్టినావా?"

జబీనా కాసేపు నసిగింది. "పక్కన శిల్పాలు చెక్కే గురవయ్య తాత ఉండాడు. ఆయప్పకు సామి బొమ్మ ఫోటో మెరుస్తా ఉండల్లంట. ఫోటోలకు వాడే నున్నటి కాగితం పెట్టినా."

రామమోహన్ స్టూలు మీద కూలబడ్డాడు. "లేజరంటే లోపల ఇస్త్రీపెట్టె ఉన్నట్టు పాపా! పాలిస్టరు చీర మీద కాలే ఇస్త్రీపెట్టె పెట్టినట్టు చేసినావే! అన్నపూర్ణా, మంచినీళ్లు!"

నీళ్లు ఆ అమ్మాయికేమో అనుకుని తెచ్చింది అన్నపూర్ణ. ఆయనే గటగటా తాగేశాడు. మరునాడు కొట్టు ఆమె మీద పడేసి, రెండు కట్టలను ఆమె పాత చీరలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాడు.

సాయంత్రం వచ్చి చెప్పిన కథ ఇది. సైకిలు షాపు గోడకు అవతలే గురవయ్య పాక. రాయి కోసేటప్పుడు నీళ్లు పోస్తూనే ఉంటారు. గోడ ఇటువైపు దాకా చెమ్మగిల్లింది. జబీనా ఆ గోడకే ఆనించి, విప్పిన కట్టను నేల మీద పెట్టింది. రామమోహన్ ఒక ఠావు తీసి చెవి దగ్గర ఆడిస్తే చప్పుడే లేదు. వెంటనే గురవయ్య మీదికి పోయాడు.

"నీళ్లు ఆపప్పా, కాగితం చస్తాంది!"

"నీళ్లు పోయకుంటే దుమ్ము లేస్తాది శెట్టీ. నీకు నీళ్లు కావల్నా, దుమ్ము కావల్నా?"

"రెండూ వద్దు."

"రెండూ లేకుంటే సామి ఎట్ల పుడతాడు?"

అంతలో గురవయ్య కొత్తగా దింపిన రాయి ముందు కూర్చుని, సుత్తితో చిన్నగా తట్టి, చెవి ఒగ్గి విన్నాడు. మళ్లీ తట్టాడు. "ఇది పలకదు. లోపల పగులుండాది" అని పక్కకు నెట్టించాడు.

"అన్నపూర్ణా," అన్నాడు రామమోహన్ ఆ రాత్రి అన్నం ముందు, "ఈ భూమ్మీద నాకొక్కడికే కాదే పిచ్చి!"

కాగితం దాచడానికి గుల్జార్‌బీ వంటింట్లోని బియ్యం డబ్బా దొరికింది. కడిగి, ఎండబెట్టి, మూత గట్టిగా పెట్టి, అందులో కాగితం ఉంచమన్నాడు. బల్ల మీద, గోడకు దూరంగా. రోలరు తుడిపించాడు. మంచి కాగితం పెట్టాక మిషను గుక్క తిప్పుకోకుండా నడిచింది. తెచ్చిన రెండు కట్టలూ ఉంచుకోమంటే జబీనా మాత్రం వెనక్కి తోసేసింది. "పని చెప్తే చేస్తా శెట్టన్నా. ఊరికే ఇస్తే మటుకు ముట్టను."

"పొగరు," అన్నాడు రామమోహన్, ఠావును మెచ్చుకునే గొంతుతో. "బాగా పలుకుతాది ఆ పాప."

అప్పటినుంచి ఆయన చెవికి ఏమైందో తెలియదు కానీ, కొట్టులో నెమ్ము ఎక్కువైంది. కొత్త సరుకు దిగగానే ఒకటి రెండు కట్టలు చించడం, చెవి దగ్గర ఆడించడం, ముఖం ముడుచుకోవడం.

"నెమ్ము. అమ్మేదానికి పనికిరాదు."

"నిన్న లారీ దిగిన సరుకయ్యా! ఎండలు మండిపోతాండాయి!"

"నీకు చెవులుండాయి గానీ వినబడదు. దీన్ని నెలనెలా నేనే పోయి ఆళ్లగడ్డ పాపకు ఇచ్చొస్తా. పరీక్ష చేసి లోపం చెప్తాది. పరీక్ష చేసే పని ఆమెకే అప్పజెప్పినా."

కట్టకు కట్ట చించిపోస్తున్నాడని అన్నపూర్ణ తల బాదుకుంది. కాగితాల కొట్టు శెట్టి కాగితాలు చించుకుంటుంటే బజారు నవ్వదా? నవ్వింది. రంజాన్ వచ్చి వెళ్లింది. ఆళ్లగడ్డ నుంచి సేమ్యా వచ్చింది. ఫ్రిజ్జు మాత్రం రాలేదు.

మొన్నటి వానాకాలం చివర్లో రామమోహన్ పోయాడు. పెద్దకర్మకు కార్డులు అచ్చువేయించి తెచ్చారు. ఒకటి అన్నపూర్ణ చేతిలో పెట్టారు. ఆమె అందరి ముందూ దాన్ని చెవి దగ్గర ఆడించింది. చుట్టాలు ముఖాలు చూసుకున్నారు. ఒక్క వేణుమాధవ్ మాత్రం కళ్లు తుడుచుకుంటూ అడిగాడు: "ఎట్లుందక్కా?"

"నెమ్ము," అంది అన్నపూర్ణ. అక్కాతమ్ముళ్లు ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

కొట్టు మళ్లీ తెరిచిన నాడు, ఆళ్లగడ్డకు తీసుకుపోవడానికి ఆయన చించి పెట్టిన కట్టలు వెనక అరలో కనిపించాయి. చిల్లరగా పొట్లాలకైనా పనికొస్తాయని ఒకటి కిందికి దింపింది. అలవాటుగా ఒక ఠావు లాగి ఆడించింది. ఫటఫటమంది. ఇంకో కట్టలోంచి లాగింది. అదీ ఫటఫటమంది. అరంతా వెతికింది. ఒక్కటీ మెత్తగా లేదు. వానాకాలమంతా ఉన్నా, కిందా మీదా అట్ట వేసి, ప్లాస్టిక్ చుట్టి, బాలింతను చూసుకున్నట్టు దాచాడు.

"దొంగమొగమోడా!" అంది అన్నపూర్ణ, గోడ మీది ఫోటోను చూసి. ఫోటో కళ్లు మూసుకోలేదు కానీ, చెవి కొంచెం ఇటే ఉన్నట్టు అనిపించింది.

ఆ వారంలోనే జబీనా వచ్చింది. బియ్యం డబ్బా కూడా వెంట తెచ్చింది. ఫోటోకు దండం పెట్టింది.

"ఒక్క కట్ట కొనుక్కుంటా అక్కా. చవకదే ఇయ్యి. రెండు నెలలుగా పని సరిగా లేదు. మామ మళ్లీ ఫ్రిజ్జు మాట ఎత్తుతాండాడు."

"పరీక్ష కట్టలు ఉండాయిగా, తీసుకపో."

"ఆయప్పే లేడు, ఎవరికి చెప్పల్ల పరీక్ష? ఊరికే వద్దక్కా."

"ఇన్నాళ్లూ ఏం చెప్పినావ్మే పరీక్షలో?"

జబీనా నవ్వింది. "బాగుండాదంటే తిట్టేటోడు. 'సరిగా చూడు, ఏందో ఒక లోపం ఉంటాది' అని. ఒకసారి వాసన వస్తాందని చెప్పినా. ఇంకోసారి తెలుపు ఎక్కువైందన్నా. శానా సంతోషపడేటోడు."

"అంటే నీకు తెలుసా?"

"రెండో నెలకే తెలిసింది."

"మరి అడగలేదే?"

"అడిగితే పాపం, ఆయప్పకు ఆళ్లగడ్డ వచ్చే పని పోతాది కదక్కా!"

అన్నపూర్ణ లేచి, ముందు అరలోంచి అన్నింటికన్నా మంచి కట్టను దింపింది. పై కాగితం చర్రున చించింది. ఒక ఠావు లాగి, కళ్లు మూసుకుని, కుడిచెవి దగ్గర ఆడించింది. గాంధీ చౌక్‌లో ఆటోల మోత మధ్య కూడా స్పష్టంగా ఫటఫటమంది.

ఆమె ముఖం ముడుచుకుంది.

"నెమ్ము. అమ్మేదానికి పనికిరాదు. తీసుకపోయి పరీక్ష చేసి, ఏందో చెప్పు. వచ్చే నెల నేనే వస్తా ఆళ్లగడ్డకు."

జబీనా ఒక ఠావు తీసుకుని తన చెవి దగ్గర ఆడించింది. అది మరింత గట్టిగా మోగింది.

"అవునక్కా," అంది, బియ్యం డబ్బా మూత తీస్తూ. "శానా నెమ్ము."