మా ఇంట మెతుకు ముట్టనివాళ్లు

అమ్మ పోయిన పదకొండో రోజున సింగపూర్‌లో యూ టీ పేటలోని మా ఫ్లాట్‌లో పెద్దకర్మ భోజనాలు పెట్టాం. అమ్మ పుట్టిన ఎస్టేట్ తరఫున ఒక అంకుల్ వచ్చాడు. వచ్చి, బల్ల ముందు కూర్చుని, కంచం పెట్టమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకో చెప్పాలంటే జపాన్‌వాళ్ల కాలానికి వెళ్లాలి. మలయాలో మావాళ్లు కొబ్బరి ఎస్టేట్‌లో కూలీలు. దొరలు పారిపోయారు, కోర్టులు మూతపడ్డాయి. సయాం రైలుకట్ట పనికి జపాన్ సైనికులు మగవాళ్లని పట్టుకుపోతున్నారు. అప్పుడు ఎస్టేట్ పెద్దలే ఎండుకొబ్బరి కొట్టంలో కూర్చుని నేరాలు విచారించి తీర్పులు చెప్పేవారట. మడ అడవిలో దాక్కున్న మనవాళ్ల జాడ సైనికులకు చెప్పాడని మా తాత మీద, అంటే అమ్మ నాన్న మీద నేరం. దొరికినవాళ్లలో ఒక్కడూ తిరిగి రాలేదు. ఆ ఇంట ఎవరూ మెతుకు ముట్టకూడదని తీర్పిచ్చారు. తాత చెప్పే ఉంటాడు. చెప్పలేదని నేనేనాడూ వాదించలేదు. చట్టం దిక్కులేని రోజుల్లో ఆ మనుషులు అంతకన్నా ఏం చేయగలరు? నా కోపం వాళ్ల మీద కాదు.

మా అమ్మ యుద్ధం అయ్యాక పుట్టింది. జపాన్‌వాళ్లు పోయారు, కోర్టులు తెరిచారు, స్వతంత్రం వచ్చింది, ఎస్టేట్ కూడా అమ్ముడుపోయింది. పనుల కోసం సింగపూర్ దిగిన ఆ కుటుంబాలు సామాన్లతో పాటు తీర్పునూ సర్దుకుని తెచ్చుకున్నాయి. వాళ్ల పెళ్లిళ్లకు అమ్మ చేత మాలలు కట్టించుకునేవారు. మా ఇంటికొస్తే మాత్రం "ఇప్పుడే మకాన్ అయిందమ్మా, తినేసొచ్చాం" అని లేచిపోయేవారు. అయినా ప్రతి పండక్కీ అమ్మ గారెలు వండి, నాలుగు కంచాలు ఎక్కువే కడిగి పెట్టేది. ఎస్టేట్‌వాళ్లు ఒక్కరైనా తన చేతి ముద్ద తినాలని ఆవిడ ఆశ. సాయంత్రానికి ఆ గారెలు ఎదురింటి మలయ్ ఆంటీకి వెళ్లేవి.

ఒకసారి ఈ అంకుల్‌నే అడిగాను, ఇంకా ఎత్తేయరా అని. "ఏసిన పెద్దలే ఎత్తాలమ్మా. ఆళ్లెవరూ లేరు గదా" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా పోయాడు.

ఇప్పుడు ఆయనే పప్పు కలుపుకుంటున్నాడు.

"ఇవాళెలా తింటున్నారు అంకుల్?"

"తీర్పు మీ తాత పిల్లల దాకానేనని అనుకున్నామమ్మా. మీ అమ్మే ఆఖరు గదా. ఇంకేటీ లేదు."

"ఎవరనుకున్నారు?"

"మేమే. మొన్న వాట్సాప్‌లో మాటాడుకున్నాం."

అంటే ఎత్తేయడం వీళ్ల చేతిలో పనే. ఫోన్లో నాలుగు ముక్కలు మాట్లాడుకుంటే తీరిపోయేది. దానికి అమ్మ చచ్చిపోయేదాకా ఆగారు.

"పులుసు బాగుందమ్మా, కొంచెం ఎయ్యి" అన్నాడు అంకుల్.

తింటున్న మనిషి ముందు నుంచి కంచం తీయడం మహాపాపమని అమ్మ చెప్పేది. తీసేశాను.