శూన్యానికి మళ్లించిన మాటలు

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలకు తూకాల ప్రోగ్రాములు రాసే ఢిల్లీబాబు ఎక్కడ పనికి కూర్చున్నా పక్కన ఇంకో కుర్చీ వేసుకుంటాడు. దాని మీద సంచీ కూడా పెట్టడు. ఒకప్పుడు అక్కడ భార్య తనూజ కూర్చునేది. ప్రోగ్రాము ఎక్కడ ఆగిందో తెలియాలంటే అడుగడుగునా అది తెర మీద ఏదో ఒక మాట చెబుతూ ఉండాలి. ఆ మాటలు తనూజే చెప్పి రాయించింది: "బావా, తూకం దాకా వచ్చీసినాను." "బావా, బిల్లు కాడున్నాను." ఉద్దానంలో ఎందరికో అయినట్టే కిడ్నీలు పాడై ఆమె పోయాక, వాటిని చదవలేకపోయాడు, చెరపడానికి చెయ్యి రాలేదు. అన్నిటినీ 'నల్' అనే పేరుకు మళ్లించాడు. ఫ్యాక్టరీల కంప్యూటర్లలో ఉండే విండోస్‌లో ఆ పేరుకు అర్థం శూన్యం; దానికి పంపింది ఏదీ మిగలదు.

మావ వరసయ్యే కూర్మయ్య తన ఫ్యాక్టరీ కంప్యూటర్లో విండోస్ తీయించి లైనక్స్ పెట్టించాక కబురు చేశాడు. "డిస్కు నిండిపోనాది అల్లుడూ. నల్ అని ఏదో ఫైలు. ఏటిది?" ఢిల్లీబాబు తెరిచి చూశాడు. లైనక్స్‌కు నల్ అంటే శూన్యం కాదు, మామూలు ఫైలు పేరే. పోయాయనుకున్న మాటలన్నీ అందులోనే ఉన్నాయి. చోటు చాలక చివరి వరస మధ్యలో తెగిపోయింది: "బావా, తూకం దాకా వ". చొక్కా అంచుతో కళ్లజోడు చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత ఏ మెషీనులో ఉంటే ఆ మెషీను శూన్యానికే మాటలు పోయేలా ప్రోగ్రాము సరిచేసి, ఫైలు తీసేసి, మళ్లీ నడిపి చూశాడు. ఎక్కడా ఒక్క అక్షరం పడలేదు.

"అయిపోనాదా?" అన్నాడు కూర్మయ్య.

"అయిపోనాది మావా. ఇంక ఏ మెషీన్లోనూ రాదు" అన్నాడు ఢిల్లీబాబు, పక్క కుర్చీని బల్ల కిందకు తోసేస్తూ.