చాయ్ పొంగుతున్నది, చూడు!

మా మేడమీది పెద్దబాపు పోయారు. మధ్యాహ్నం అన్నం తిని, గిన్నెలో మిగిలిన పెరుగు వేలితో తుడుచుకుని, "జర పడుకుంట" అని పెద్దమ్మతో చెప్పి మంచమెక్కారు. చాయ్ వేళకి పెద్దమ్మ లేపితే లేవలేదు. ఆఫీసులో ఉన్న నాకు అమ్మ ఫోన్ చేసి, "మీ పెద్దబాపు..." అని ఆగిపోయింది. ఆ ఆగడంలోనే నాకు అర్థమైంది. ఆటోలో ఇంటికొస్తూ దారంతా ఏడ్చాను. మధ్యలో ఏదో గుర్తొచ్చి ఫక్కున నవ్వాను కూడా. ఆటో అతను అద్దంలోంచి వింతగా చూశాడు. ఆ నవ్వు ఎందుకొచ్చిందో మీకు చెబుదామనే ఇది రాస్తున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. నాన్నగారు ఉద్యోగం మీద కోస్తా నుంచి బదిలీ అయి వచ్చి, చాంద్రాయణగుట్ట వంతెన దిగాక లోపలికి వెళ్లే ఒక గల్లీలో కింది వాటా అద్దెకు తీసుకున్నారు. పై వాటాలో ఉండే ఇంటివాళ్లే ఈ దంపతులు. మొదటిరోజు నేను మర్యాదగా "నమస్తే అంకుల్" అన్నాను. "అంకుల్ గింకుల్ ఏంది బిడ్డా? పెద్దబాపు అను. గామె పెద్దమ్మ. అయిపాయె" అన్నారు. నిజంగానే అయిపోయింది. నాన్నగారు పోయాక కూడా మేము ఆ ఇల్లు వదల్లేదు.

ఆయన ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. రిటైరయ్యానన్న సంగతి మాత్రం ఒప్పుకునేవారు కాదు. పొద్దున్నే గడ్డం గీసుకుని, చొక్కా టక్ చేసుకుని, డాబా మీది రేకుల గదిలోకి డ్యూటీకి వెళ్లేవారు. పెద్దమ్మ టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చేది. వంటింట్లోంచి డాబా మీదికి టిఫిన్ డబ్బా ఏమిటని మా అమ్మ అడిగితే, "డబ్బా ఇయ్యకపోతే పదిసార్లు కిందికి దిగుతడు, నా పని కానియ్యడు" అంది పెద్దమ్మ.

ఆ గదిలో ఆయన పనల్లా పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు విప్పడం. ఒక్కో బ్యాటరీ లోపల వేలంత పొడుగున్న సెల్లులు వరసగా ఉంటాయి. "బ్యాటరీ సచ్చిందని పారేస్తరు బిడ్డా. లోపట ఒక్కడు పండుకుంటే మిగిలినోళ్లందర్నీ చెత్తల ఏస్తరు. గిదేం ఇన్సాఫ్?" అనేవారు. మంచివాటిని ఏరి, చార్జి చేసి, ఏదో ఒక పనిలో పెట్టేవారు. పత్తర్‌గట్టిలో గాజులమ్మే ఆమె బండి మీద తిరిగే చిన్న ఫ్యాను ఆయన పెట్టిన ఉద్యోగమే. మా అమ్మ పూజగదిలో రేడియో కూడా అంతే. ఆ సెల్లుల్ని ఆయన "రిటైర్ బ్యాచ్" అనేవారు. ఎంతో ఆప్యాయంగా అనేవారు, తనూ అందులో ఒకడినన్నట్టు.

ఒక ఆదివారం నన్ను స్కూటర్ మీద పురానాపూల్ దగ్గర కబాడీ దుకాణానికి తీసుకెళ్లారు. ఆయన్ని చూడగానే దుకాణం భాయ్ పాత సామాను మధ్యలోంచి తల పైకెత్తి, "క్యా బాపూ, ఫిర్ ముర్దోంకు లేజానే ఆయే?" అన్నాడు, మళ్లీ శవాల్ని తీసుకుపోవడానికి వచ్చావా అని.

"ముర్దే నక్కో బోలో మియా," అన్నారు పెద్దబాపు, బాగా నొచ్చుకున్నట్టు ముఖం పెట్టి. "బేహోష్ హై!"

చచ్చిపోలేదు, స్పృహ తప్పాయంతే అని! భాయ్ నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ చాయ్ తెప్పించుకుని, ఏ కంపెనీ బ్యాటరీలో సెల్లులు ఎక్కువకాలం బతుకుతాయన్న దాని మీద పోట్లాడుకుంటుంటే నేను ఒక పాత ప్రింటర్ మీద కూర్చుని విన్నాను. అంత సరదా ఆదివారం మళ్లీ నాకు దొరకలేదు.

తెచ్చినవాటిని చార్జింగ్‌లో పెట్టి పక్కనే కూర్చునేవారు. మీటరుతో చూసినా తృప్తి లేదు. పిల్లల నుదురు తాకి చూసినట్టు ఒక్కోదాన్నీ వేలితో తాకేవారు. చార్జి ఎక్కుతూ వేడెక్కిన సెల్లుని అక్కడికక్కడే పక్కన పెట్టేసేవారు. "జరమొచ్చినోన్ని డ్యూటీకి తోలొద్దు. ఆడు కాలుతడు, పక్కోన్ని గూడ కాలుస్తడు." గది మూలన ఎప్పుడూ ఒక ఇసుక బకెట్ ఉండేది. మనిషి ఎంత సరదావాడో ఈ విషయంలో అంత చాదస్తుడు.

ఇక అసలు కథ నీళ్లది. మా గల్లీలో నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఏ వేళకొస్తాయో మాత్రం నీళ్లకే తెలియాలి. మోకాళ్ల నొప్పులతో మా అమ్మ గేటు పక్కన కుళాయి దగ్గర స్టూలేసుకుని కూర్చునేది. ఎదురింటి ఖాలా కూడా తలుపు దగ్గర కుర్చీ వేసుకునేది. ఒకరికి కునుకు పడితే ఇంకొకరు లేపాలి. ఇద్దరికీ పడితే ఇంటిల్లిపాదికీ లొల్లి. ఇది చూసి చూసి పెద్దబాపు ఒకరోజు, "మీ ఇద్దర్ని నేను డ్యూటీ దింపుత" అన్నారు.

అరచేతిలో పట్టేంత కంప్యూటరు ఒకటి సంపాదించారు. దాని సంగతులన్నీ వీడియోలు చూసి నేర్చుకున్నారు. అర్థం కానిచోట నన్ను పిలిచేవారు, నాకూ అర్థం కాకపోతే ఇద్దరం కలిసి దాన్ని తిట్టుకునేవాళ్లం. నీళ్లు పారితే తిరిగే చిన్న చక్రాన్ని గొట్టానికి బిగించారు. చక్రం తిరగ్గానే కంప్యూటరు స్పీకర్లోంచి గల్లీకంతా వినపడేలా పిలవాలి. కానీ గేటు దగ్గర కరెంటు ప్లగ్గు లేదు. తడిలో వైరు లాగుతానంటే పెద్దమ్మ ఊరుకోలేదు. "నీళ్లకాడికి కరెంటు తెచ్చి మమ్ముల సంపుతవా?" అంది. దాంతో రిటైర్ బ్యాచ్ మళ్లీ డ్యూటీలోకొచ్చింది. బిస్కెట్ల రేకు డబ్బాకి లోపల స్కూటర్ ట్యూబు కత్తిరించి పరిచి, సెల్లుల్నీ కంప్యూటర్నీ అందులో అమర్చారు. ఒక సెట్టు డబ్బాలో ఫస్ట్ షిఫ్టు, ఇంకో సెట్టు మేడమీద చార్జింగ్‌లో సెకండ్ షిఫ్టు.

పిలుపు రికార్డు చేయడానికి గల్లీ గోల వినపడకుండా వంటింట్లో కూర్చున్నారు. పొయ్యి మీద చాయ్ మరుగుతోంది, పెద్దమ్మ పక్కగదిలో బట్టలు మడతపెడుతోంది. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, గొంతు సవరించుకుని, మంచి గంభీరంగా, "నీళ్లొచ్చినయ్! అందరు..." అన్నారు. అంతలో చాయ్ పొంగింది. "ఓ ఇగో, చాయ్ పొంగుతున్నది, చూడు!" అని అదే ఊపులో అరిచారు. తర్వాత ఆ రికార్డింగుని ఒక్కసారి కూడా వినకుండా కంప్యూటర్లోకి ఎక్కించేశారు.

మర్నాడు నీళ్లొచ్చాయి. డబ్బా పిలిచింది. "నీళ్లొచ్చినయ్! అందరు... ఓ ఇగో, చాయ్ పొంగుతున్నది, చూడు!"

గల్లీలో ఒక్కరు కూడా కుళాయి దగ్గరికి రాలేదు. ఆడవాళ్లంతా ఎవరి వంటింట్లోకి వాళ్లు పరుగెత్తారు! మా అమ్మ స్టవ్ దాకా వెళ్లి, అసలు స్టవ్వే వెలిగించలేదని గుర్తొచ్చి, నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఖాలా పొయ్యి మీద పప్పు ఉంటే చాయనుకుని దించేసింది. తెలివి తెచ్చుకుని అందరూ బిందెలతో బయటికొచ్చేసరికి పెద్దబాపు గేటు పట్టుకుని, ఊపిరాడక, కళ్లనీళ్లు కారేలా నవ్వుతున్నారు.

"మళ్ల మంచిగ రికార్డు చేస్త" అన్నారు. గల్లీ ఒప్పుకోలేదు. "నక్కో బాపూ, ఐసాచ్ రహ్నే దో" అని ఖాలా తీర్పు చెప్పింది. అలాగే ఉండిపోయింది. అప్పట్నుంచి మా గల్లీలో నీళ్లొచ్చాయని ఎవరూ అనరు. "చాయ్ పొంగింది" అంటారు. ఖాలా ఇంట్లో "చాయ్ పొంగ్ గయీ!" అంటారు. ఓసారి మా పిన్ని వచ్చి కూర్చుంది. "చాయ్ పొంగింది" అంటూ మేమంతా ఉన్నపళాన బకెట్లు పట్టుకుని మాయమయ్యాం. ఆవిడ పాపం కప్పు కోసం చాలాసేపు ఎదురుచూసింది. నేను ఆటోలో నవ్విందీ అది గుర్తొచ్చే.

పెద్దమ్మ మాత్రం కోపం నటించేది. "ఇన్నేండ్ల సంసారంల నన్ను పేరు పెట్టి పిల్వలే. ఇప్పుడు గల్లీ గల్లీకి ఇనబడేటట్టు 'చూడు, చూడు' అంటున్నడు" అనేది. అంటూనే, డబ్బా పిలిచిన ప్రతిసారీ లేచి వంటింట్లోకి ఒకసారి తొంగి చూసి వచ్చేది. అలవాటు.

షిఫ్టు మార్చడం పెద్దబాపు నాకూ నేర్పారు. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండేవారు. నడుస్తున్న కంప్యూటరుకి హఠాత్తుగా బ్యాటరీ పీకేస్తే లోపలి కార్డు పాడైపోవచ్చు, అందులో ఉన్నదంతా పోవచ్చు. ముందు దాన్ని నిద్రపుచ్చాలి. "ఏదైనా చెప్పి పడుకోవాలె బిడ్డా" అనేవారు. తను మరిచిపోతే అన్న భయంతో ఇంకో ఏర్పాటు కూడా చేశారు. సెల్లులు దిగిపోతుంటే కంప్యూటరు తనంతట తనే సర్దుకుని పడుకుంటుంది. మళ్లీ లేచినప్పుడు పచ్చలైటు వెలిగితే చెప్పి పడుకున్నట్టు. ఎర్రలైటు వెలిగితే చెప్పకుండా పడిపోయినట్టు. ఆ ఏర్పాటు పనిచేస్తుందో లేదో చూసే అవసరం ఆయన ఉండగా ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే ఆయన షిఫ్టు మార్చడం మరిచిపోతేగా.

ఆయన్ని పురానాపూల్ శ్మశానానికి తీసుకెళ్లిన రోజు మా గల్లీ నీళ్ల వంతు. తిరిగొచ్చి స్నానాలు చేద్దామంటే నీళ్లు లేవు. వచ్చి వెళ్లిపోయాయని పక్క గల్లీవాళ్లు అన్నారు, మాకెవరికీ తెలియలేదు. డబ్బా పిలవలేదు. షిఫ్టు మార్చాలన్న ధ్యాస ఎవరికుంది? ఖాలా ఇంటి డ్రమ్ములోంచి తలా ఒక బకెట్ పోసుకున్నాం. ఆ పూట గల్లీలో అందరూ ఒకసారి గేటు వైపు చూశారు.

మర్నాడు పొద్దున పెద్దమ్మ మెట్ల మీద కూర్చుని నన్ను పిలిచింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బిడ్డా, ఆ డబ్బాల ఆయన గొంతు ఉన్నదా, పాయెనా?"

ఆ గొంతు ఇంకెక్కడా లేదు. రికార్డు చేసిన ఫోను ఎప్పుడో పాడైపోయింది. ఫోటోలున్నాయి, చొక్కాలున్నాయి, టిఫిన్ డబ్బా ఉంది. గొంతు మాత్రం ఆ ఒక్క కార్డులోనే ఉంది. దానికి నకలు తీసి పెట్టాలన్న ఆలోచన మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

డాబా మీది గదికి వెళ్లాను. బల్ల మీద పాత తువ్వాలు పరిచి ఉంది. దాని మీద సెకండ్ షిఫ్టు సెట్టు, చార్జింగ్ పూర్తిచేసి తీసి, వరసగా పేర్చి ఉంది. అన్నానికి కిందికి దిగేముందు సర్దిపెట్టుకున్నారన్నమాట. ఒక్కోదాన్నీ ఆయన చూసినట్టే వేలితో తాకి చూశాను. ఒక్కదానికీ జ్వరం లేదు. వాటిని ఆ తువ్వాల్లోనే చుట్టుకుని కిందికి దిగాను.

గేటు దగ్గర డబ్బా మూత తీసి, పాత సెట్టు తీసి, కొత్తది అమర్చి, మీట నొక్కాను. పెద్దమ్మ నా భుజం పట్టుకుని వంగి చూస్తోంది. మా అమ్మ, ఖాలా వెనక నిలబడ్డారు. కొంచెంసేపు ఏ లైటూ వెలగలేదు. తర్వాత వెలిగింది, పచ్చగా.

"చెప్పే పడుకుంది పెద్దమ్మా" అన్నాను.

"ఆయన గూడ చెప్పే పడుకున్నడు" అంది పెద్దమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

గొంతు ఉందో లేదో నిర్ధారించుకోవడానికి చక్రాన్ని ఊది తిప్పుదామని వంగాను. పెద్దబాపు ఎప్పుడూ అలాగే పరీక్షించేవారు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దు. నీళ్లు రానీ. ఉత్త పున్నానికి పిలిపియ్యకు ఆయనను."

మర్నాడు మధ్యాహ్నం దాకా నీళ్లు రాలేదు. నేను సెలవు పెట్టాను. ఎవరి పనుల్లో వాళ్లున్నట్టు కనిపించారు గానీ గల్లీ అంతా చెవులు రిక్కించుకునే ఉంది. మా అమ్మ బియ్యం ఏరుతూ అదే పిడికెడు మళ్లీ మళ్లీ ఏరుతోంది. గొట్టంలో ముందు గాలి బుస్సుమంది. తర్వాత నీళ్ల చప్పుడు.

"నీళ్లొచ్చినయ్! అందరు... ఓ ఇగో, చాయ్ పొంగుతున్నది, చూడు!"

అబ్బ, ఏం అరుపు! ఎవరో ఈల వేశారు. "చాయ్ పొంగ్ గయీ!" అని ఖాలా గొంతు చించుకుంది. అందరూ నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ బిందెలు తెచ్చారు. నేను రెండు బకెట్లు నింపుకుని మేడమీదికి పరుగెత్తాను.

పెద్దమ్మ వంటింట్లో ఉంది. ఎప్పటిలాగే లేచి చూడ్డానికి వెళ్లింది కాబోలు. చూసి తిరిగి రాలేదు. పొయ్యి వెలిగించి, గిన్నెలో పాలు పోసి, చాయ్‌పత్తి వేస్తోంది.

"ఇప్పుడు చాయేంటి పెద్దమ్మా?" అన్నాను.

"గంత గనం పిలుస్తున్నడు గద," అంది. "వచ్చి చూస్తే పొయ్యి మీద ఏం లేకపోతే ఎట్లనే?"

మంట పెద్దది చేసి, గిన్నెనే చూస్తూ నిలబడింది. చాయ్ గలగలా మరిగి, అంచుదాకా లేచింది. నేను మంట తగ్గించబోతే నా చెయ్యి పక్కకి తోసేసింది. చాయ్ పొంగి, గిన్నె మీంచి జారి, పొయ్యి మీద చుయ్యిమంది. పెద్దమ్మ పగలబడి నవ్వుతూ, గేటు వైపున్న కిటికీలోకి వంగి అరిచింది:

"చూసిన గదయ్యా, చూసిన!"