సూర్యుడు రాని ఊళ్ళో మా అత్తగారు

మొన్న బుధవారం తెల్లవారేసరికి మా అత్తగారు లేరు. రాజమండ్రిలో మా ఇంట్లోనే, నిద్రలోనే వెళ్ళిపోయారు. మా ఆవిడ పాలు కాచి గదిలోకి వెళ్ళి పిలిస్తే గానీ మాకు తెలియలేదు. డెబ్భై ఏడేళ్ళు. వచ్చినవాళ్ళందరూ పుణ్యాత్మురాలు అని వెళుతున్నారు. పుణ్యం సంగతి నాకు తెలియదు గానీ, ఆవిడ మొండితనం గురించి మాత్రం మీకు చెప్పాలని ఉంది. అంత మర్యాదగా మొండికేసే మనిషిని నేను ఇంకెవరినీ చూడలేదు.

ఆవిడది మొగల్తూరు. పొద్దున్నే సూర్యుణ్ణి చూసి, చెంబుతో నీళ్ళు వదిలి దణ్ణం పెట్టుకుంటే గానీ పచ్చి మంచినీళ్ళు ముట్టేవారు కాదు. కాపరానికి వచ్చిన నాటి నుంచీ అదే నియమం. తుఫాను రోజుల్లో ఎలాగండీ అని ఒకసారి అడిగాను. "మబ్బు చాటునున్నా వచ్చినట్టేనండి. వచ్చాడా లేదా అన్నదే లెక్క" అన్నారు.

రెండో నియమం నాకు సంబంధించింది. అల్లుడి దగ్గర ఏ లోటూ చెప్పకూడదు. పెళ్ళయిన కొత్తలో గుత్తొంకాయ బాగుందని నోరు జారాను. ఇక నేను వెళ్ళినప్పుడల్లా అదే కూర. వంకాయ ఆవిడకి పడదనీ, కోసినా చేతులకి దద్దుర్లెక్కుతాయనీ తొమ్మిదేళ్ళకి మా ఆవిడ చెబితే తెలిసింది. ఆ తొమ్మిదేళ్ళూ లొట్టలేసుకుంటూ తిన్నాను.

మూడేళ్ళ క్రితం డిసెంబరులో నేనూ మా ఆవిడా అత్తగారిని తీసుకుని నార్వేలో ట్రోమ్సో అనే ఊరికి వెళ్ళాం. అక్కడ ఆకాశంలో ఆకుపచ్చ వెలుగులు కనపడతాయి. అవి చూడాలని నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. చీకటి ఎక్కువగా ఉంటే వెలుగులు బాగా కనపడతాయని ఎక్కడో చదివి డిసెంబరే ఎంచుకున్నాను. అల్లుడు నోరు తెరిచి రమ్మంటే కాదనకూడదని ఆవిడ బయల్దేరారు. దారిలో విమానం కిటికీలోంచి సూర్యుణ్ణి చూసి, దణ్ణం పెట్టి, కాఫీ తాగారు.

మధ్యాహ్నం మూడింటికి దిగాం. అప్పటికే చీకటి. చీర మీద కోటు, చెవులు మూసే టోపీ, కాళ్ళకి బూట్లతో మా అత్తగారు వంగి మంచు ముట్టుకుని "కల్లుప్పు పోసినట్టుందండి" అని మురిసిపోయారు. హోటల్లో కౌంటరు దగ్గరున్నామెకి సంచిలోంచి పూతరేకు తీసిచ్చారు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, కాగితం విప్పి తినాలా అని అడిగింది. కాగితంతోనే తినాలని సైగ చేసి, ఆమె తినేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

మర్నాడు టిఫిను దగ్గర "ఆకలి లేదండి, మీరు కానివ్వండి" అన్నారు. నేను కానిచ్చాను. ఆవిడ అద్దాల కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తొమ్మిదైంది, పదైంది. బయట ఇంకా వీధి దీపాలే. మా ఆవిడకి అప్పుడు వెలిగింది. గబగబా కౌంటరు దగ్గరికి వెళ్ళి సూర్యోదయం ఎప్పుడని అడిగింది.

"జనవరిలో" అందామె.

నేను హైస్కూల్లో సోషల్ మాస్టారిని. భూమి వాలుగా తిరుగుతుందని ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద బొమ్మ గీస్తున్నవాణ్ణి. ధ్రువాల దగ్గర చలికాలంలో సూర్యుడు ఉదయించడని రెండు మార్కుల ప్రశ్న కూడా ఇచ్చాను. దీపం కిందే చీకటి. అల్లుడి నోట్లో శని అంటారు. మా ఇంట్లో అత్తగారి నోట్లో శనిని అల్లుడే టికెట్టు తీసి మరీ కూర్చోబెట్టాడు.

ఆవిడకి షుగరు. తింటే గానీ మాత్ర వేసుకోకూడదు. ఆ ఊళ్ళో ఇంకా నాలుగు రోజులుండాలి. మొగల్తూరుకి వీడియో కాల్ చేసి సూర్యుణ్ణి చూపిస్తానన్నాను.

"ఫోన్లో అన్నం చూపిస్తే మీరు చెయ్యి కడుక్కుంటారేంటండి?"

"పోనీ మబ్బు పట్టిందనుకోండి అత్తయ్యగారూ."

"మబ్బయితే చాటుగా వచ్చినట్టే కదండి. ఇక్కడ రానేలేదాయె. మీరేం కంగారు పడకండి. నాలుగు రోజులు ఎంతలో పోతాయి? ఊరు భలేగా ఉంది."

ఊరు భలేగా ఉందన్న ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అప్పుడు కూడా ఆవిడ నా తప్పునే కప్పిపుచ్చుతున్నారు.

పన్నెండవుతుండగా కౌంటరామె వచ్చి, పెద్దామె ఎందుకు తినడం లేదని అడిగింది. మా ఆవిడ చెప్పింది. ఆమె నవ్వలేదు. కోటు తగిలించుకుని మమ్మల్ని హోటలు వెనక నీటి ఒడ్డుకి తీసుకెళ్ళింది. దక్షిణాన కొండల వెనక ఆకాశం సన్నగా ఎర్రబడి ఉంది. ఆమె చెబుతుంటే మా ఆవిడ తెలుగులో అందించింది. "ఆయన ఆ కొండల వెనక నుంచే వెళ్ళిపోతాడంటమ్మా, రెండు నెలలు పైకి రాడంట. వీళ్ళూ ఇక్కడికొచ్చి చూస్తుంటారంట. వచ్చిన రోజున బడిపిల్లలందరినీ బయటికి తీసుకొచ్చి చూపించి, తీపి రొట్టెలు పెడతారంట."

"మరి అప్పటిదాకా ఏం తింటారో అడుగు."

ఆ ప్రశ్నకి కౌంటరామె కాస్త తికమకపడింది. తర్వాత చెప్పింది. "అన్నీ తింటాం. ఎదురుచూస్తూ తింటాం."

మా అత్తగారు ఆ ఎరుపు కేసి చాలాసేపు చూశారు. "రెండు నెలలు రాకపోయినా వీళ్ళు ఆయన్ని ఒక్క మాట అనలేదు చూడండి. నేను పొద్దుటి నుంచీ లోపల్లోపల తిడుతూ కూర్చున్నాను" అన్నారు. నా చేతిలో నీళ్ళ సీసా అడిగి తీసుకుని మంచు మీద వదిలి, దణ్ణం పెట్టుకున్నారు. "పదండి అల్లుడుగారూ, ఆకలేస్తోంది."

ఆకలేస్తోందన్న మాట ఆవిడ నోట వినడం నాకు అదే మొదటిసారి. మా ఆవిడ బుల్లి కుక్కర్లో అన్నం వండితే మాగాయ కలుపుకుని రెండుసార్లు వడ్డించుకున్నారు. మిగతా రోజులూ మధ్యాహ్నం ఆ ఒడ్డుకి వెళ్ళొచ్చాకే భోజనం. ఆకుపచ్చ వెలుగులు కూడా కనిపించాయి. "బాగున్నాయండి" అన్నారు, అంతే.

ఇంటికొచ్చాక మళ్ళీ పాత నియమమే. ట్రోమ్సోలో ఇచ్చిన సడలింపు ట్రోమ్సోకే అనుకున్నాను.

పోయిన నెలలో పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయ్యాక మొగల్తూరుకి పంపకుండా మా ఇంటికే తెచ్చుకున్నాం. మంచం పట్టే గది ఇంట్లో వెనకదొక్కటే. ఆసుపత్రిలో మంచం పక్కన తూర్పు కిటికీ ఉండేది, ఈ గది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. కదపొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మొదటి రోజు పొద్దున్న మా ఆవిడ జావ గిన్నెతో గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె వెనకే నేనూ ఆగాను.

"ఎందుకలా నిలబడిపోయారు?" అన్నారు మంచం మీంచి. "ఆ ఊరివాళ్ళలాగా తింటానులెండి."

గిన్నె నేను తీసుకుని పక్కన కూర్చున్నాను.

"తూర్పు ఎటండి?"

గోడ చూపించాను. ఆవిడ తల అటు తిప్పి, పడుకునే రెండు చేతులూ జోడించి, సున్నం పెచ్చులూడిన ఆ గోడకేసి కాసేపు చూశారు. తర్వాత నా వైపు తిరిగి నోరు తెరిచారు.