తీపి సరిపోయిందాండీ

మా ఎదురింటి పిన్నిగారు కడుపులో ఉన్న బిడ్డతో కూడా ‘అండీ’ అని మర్యాదగా మాట్లాడేవారు. “ఏ పెద్దలు తిరిగొస్తున్నారో మనకేం తెలుసమ్మా,” అనేవారు.

ఏలూరులో, మా పుట్టింట్లో నా సీమంతం పనులన్నీ ఆవిడే నెత్తినేసుకున్నారు. కొల్లేటికోటలోని తన పుట్టింటి నుంచి పడవలో తుంగ తెప్పించి, కొంగలూ బాతులూ అల్లి వసారా దూలాలకు వేలాడదీశారు. చివరికి లాంతరు కొక్కేనికి కూడా ఓ బాతు ఎక్కింది. ఏది కట్టబోయినా ముందు నా పొట్ట దగ్గరకు వంగి, “ఏవండీ, ఇది బాగుందాండీ?” అని అడగడం, జవాబు విన్నట్టు తలూపడం. బాగోలేదన్నారని ఒక కొంగ మెడ విప్పి మళ్లీ అల్లారు. మా అమ్మ నవ్వాపుకోలేకపోయేది.

సీమంతం ముందురోజు మాత్రం నాకు నవ్వు రాలేదు. పొద్దుటి నుంచి కడుపులో కదలిక లేదు. అంత సందడిగా ఉన్న ఇంట్లో ఆ మాట ఎలా అనాలో తెలియక, పైన ఊగుతున్న పిట్టల్ని చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం పిన్నిగారు వేయించిన మినప్పిండిలో బెల్లం, నెయ్యి కలిపి, తొలి సున్నుండ నా నోట్లో పెట్టారు. ఎప్పటిలాగే వంగి, “ఏవండీ, తీపి సరిపోయిందాండీ?” అన్నారు.

లోపలి నుంచి గట్టిగా ఒక్క తన్ను. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ చెయ్యి లాగి పొట్ట మీద పెట్టుకున్నాను. ఇంకో తన్ను.

పిన్నిగారు నా మొహం కాసేపు చూశారు. కొంగుతో నా కళ్లు తుడిచి, వంటింట్లో ఉన్న అమ్మను కేకేశారు.

“అక్కయ్యగారూ, చాల్లేదంటున్నారండీ. ఇంకాస్త బెల్లం కొట్టండి.”